కానుగ చెట్టు నుంచి ఇప్ప చెట్టు దాకా

పోయిన వానాకాలంలో నేనూ మా మనుమడూ సికిందరాబాదులో రైలెక్కాం. పిల్లలూ, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది ఆ ఊళ్ళోనే. అందుకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దోమను ఎగిరేదాకా ఆగనివ్వక, నీళ్ళలో ఉండగానే తుదముట్టించాలని ఆయన వాదించాడు. ఆ కాలంలో నీటి గుంటల మీద కిరసనాయిలు చల్లేవారు. అది కొనాలి. మన నూనె చెట్లకే కాస్తున్నది!

జనగామలో దిగాం. రోడ్డు పక్కన కానుగ చెట్టు, దాని కింద వాననీటి గుంట. మనుమడు వంగి చూసి, "తాతా, పురుగులు!" అన్నాడు. అవి దోమ డింభకాలు. కొన్ని తల కిందికి వేలాడేసి, తోక చివరి గొట్టంతో గాలి పీలుస్తున్నవి. అవి క్యూలెక్స్. కొన్ని నీటి పైపొరకు సమంగా, పడుకున్నట్టు ఉన్నవి. అవి అనాఫిలిస్; మలేరియాను మోసేది ఈ జాతే. వాటికి పొడవాటి గొట్టం లేదు గనక పైకే వచ్చి ఆనుకోవాలి.

ఆ నీటిని రెండు సీసాల్లో నింపుకొని మానుకోట చేరాం. మహబూబాబాదును అక్కడివారు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. చుట్టాల ఇంటి అరుగు మీద ఒక సీసాలో వేపనూనె చుక్కలు వేశాం. నూనె నీళ్ళలో కలవదు గనక కాస్త సబ్బునీళ్ళతో బాగా గిలక్కొట్టి వేశాం. డింభకాలు పైకి వచ్చి గాలి అందక గిజగిజలాడినవి. మరునాటికి ఆ సీసాలో కదలిక లేదు. రెండోదాంట్లో మాత్రం హాయిగా ఈదుతున్నవి. వేపలో అజాడిరక్టిన్ అనే పదార్థం కూడా ఉంది. అది పురుగును కుబుసం విడిచి పెరగనివ్వదు.

అక్కణ్ణించి వరంగల్ మీదుగా బస్సులో భూపాలపల్లి వైపు వెళ్ళాం. ఆ దారిలో ఇప్ప చెట్లున్నవి. వాటి గింజలనుంచీ నూనె తీస్తారు. గణపురం దగ్గర కాకతీయుల నాటి చెరువు చూడగానే మావాడు సీసా మూత తీశాడు! నేను చెయ్యి పట్టుకున్నాను. అంత నీటి మీద నూనెపొర గాలికే చీలిపోతుంది. పైగా దోమపిల్లల్ని తినేవి అందులోని చేపలే. ఇప్ప నూనె తీయగా మిగిలిన చెక్కను కొందరు చెరువుల్లో చేపల్ని చంపటానికే వాడతారు. కనక చెట్టుది గదా అని ఎక్కడ పడితే అక్కడ పొయ్యకూడదు. తాగే నీళ్ళలో అసలే వద్దు.

ఆ సాయంత్రం ఒక ఇంటి ముందు ఆగాం. గోడ కోసం మట్టి తవ్విన గుంటలో నీళ్ళు నిలిచాయి. ఇంటావిడ, "కిందటేడు మా చిన్నదానికి చలిజ్వరమొచ్చింది సారూ. రక్తపరీక్ష చేసి మలేరియా అన్నారు. మందు మింగినంక తగ్గింది" అన్నది. మందుకు బదులు నూనె పనికిరాదని నేనూ చెప్పాను. మేము నూనె చల్లాం. కానీ వారానికోసారి మళ్ళీ చల్లాలి. వేడి రోజుల్లో గుడ్డు దోమ కావటానికి వారం, పదిరోజులే పడుతుంది. అంతకన్నా గుంట పూడ్చటం మేలని ఆవిడే పార తెచ్చింది. మేమూ మట్టి మోశాం.

చీకటి పడుతుండగా మావాడు దొడ్డివైపు నుంచి కేక వేశాడు. బర్రె గిట్టల జాడల్లో కూడా నీళ్ళున్నవి. వాటిలోనూ సమంగా పడుకున్నవి కనబడ్డవి. వాడు ఒక్కొక్క జాడా లెక్కపెడుతూ పోతున్నాడు.