రాస్తుండగానే చదవడం

ప్రయోగం రాత్రంతా నడుస్తుంది. డిటెక్టర్ కొలతలను ఒక ప్రోగ్రామ్ హెచ్‌డీఎఫ్5 అనే డేటా ఫార్మాట్ ఫైల్లో రాస్తూనే ఉంటుంది. తెల్లారేదాకా ఆగడానికి నాకు మనసొప్పదు. ఒకసారి ఆత్రం కొద్దీ ఆ ఫైల్‌ను మామూలుగానే తెరిచేశాను. సగమే రాసిన సూచిక ఇంకా లేని చోటును చూపించింది. నా ప్రోగ్రామ్ కూలిపోయింది. రాసేది మాత్రం ఆగలేదు, అదే ఊరట.

2016లో వచ్చిన హెచ్‌డీఎఫ్5 1.10 వెర్షన్ దీనికో దారి చూపింది: రాసేది ఒక్కరే, చదివేది ఎందరైనా. అందులో నా మనసు దోచింది ఆ రాసే వరుస. ఒక సూచిక మరోదాన్ని చూపుతుంటే, చూపించే దానికన్నా ముందు అవతలిది డిస్కుకు చేరాలి. ఇల్లు లేచాకే వీధిలో చిరునామా పలక పెట్టినట్టు. చదివేవాడికి దొరికేది కాస్త పాతది కావచ్చు, చెదిరిన సూచిక మాత్రం కాదు. తాజాది కావాలంటే ఫైల్లో కొలతలుండే డేటాసెట్‌ను రిఫ్రెష్ చేస్తూ ఉండాలి.

షరతులున్నాయి. ఆ పద్ధతిలోకి వెళ్లాక కొత్త డేటాసెట్లు చేర్చలేం, ఉన్నవాటిని పొడిగించుకోవాల్సిందే. రాతల వరుసకు హామీ ఇవ్వని ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి నెట్‌వర్క్ డిస్కుల మీద ఇది పనికిరాదు. అయినా ఆ షరతులంటే నాకు గౌరవమే.

ఇప్పుడు రాత్రి రెండింటికి రిఫ్రెష్ చేస్తాను. తెర మీద కొలతల గీత ఇంకొంచెం ముందుకు జరిగి ఉంటుంది.