కాస్మెటిక్ చార్జీలు

"అక్కా, ఈమధ్య నీ మొహం కళగా ఉంది, ఏం రాస్తున్నావ్?" అని ఒక హాస్టల్ చెల్లి మొన్న మెసేజ్ పెట్టింది. ఇన్‌బాక్స్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకుందామనుకున్నా. కానీ ఆ జవాబు వెనక నేను ఇన్నాళ్ళూ దాచుకున్న సిగ్గు ఒకటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నా. పోయినవారం ఆపిన భూమి కథ వచ్చేవారం చెప్తాను, తిట్టుకోకండి.

నాకిప్పుడు 47. ఐదేళ్ళ కింద చెంపల మీద మంగు వచ్చింది. ధర్నాలు, పాదయాత్రలు, ఎండలో జెండా పట్టుకు నిలబడ్డ ఏళ్ళు, దానికితోడు ఈ వయసు. మెడికల్ షాపులో చూపిస్తే చీటీ అడక్కుండా ఒక ట్యూబ్ ఇచ్చారు. మూడు వారాల్లో మంగు పలచబడింది, మొహమంతా తెల్లబడింది. ఒక మీటింగ్‌లో ఎవరో "రంగొచ్చారు మేడం" అన్నారు. నాకు సంతోషమేసింది. ఇదే ఆ సిగ్గు. నల్లరంగుకీ కులానికీ ముడెలా వేశారో అప్పుడే వేదిక మీద మాట్లాడి దిగినదాన్ని నేను.

ఆర్నెల్లకి ఎండలోకెళ్తే మొహం భగ్గుమనడం మొదలైంది. ఎర్రటి పొక్కులు, గడ్డం దగ్గర నూగు వెంట్రుకలు. ట్యూబ్ ఆపితే మంట రెట్టింపు. పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో డాక్టరమ్మ ట్యూబ్ వెనక్కి తిప్పి చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా, చర్మాన్ని పలచన చేసేస్తుంది అంది. చాలా స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ రూలు మా బజారు దాకా రాలేదు. ఆవిడ చెప్పినట్టు మెల్లగా మాన్పించుకుని కోలుకోడానికి ఏడాది పట్టింది.

మా అమ్మ మిరపకోతలకి వెళ్ళేముందు చేతులకి ఆముదం పట్టించేది. అయినా రాత్రంతా చేతులు మండేవి. తన వేళ్ళ కారం మా కళ్ళకి తగుల్తుందని మాకు అన్నం కలిపి పెట్టడానికి కూడా భయపడేది. ఒంటికీ మొహానికీ అదే బట్టల సబ్బు. నేను హాస్టల్లో చేరాక మొదటిసారి ఒంటిసబ్బు చూశాను. సబ్బుకీ తలనూనెకీ ఇచ్చే ఆ చిల్లర డబ్బుల్ని గవర్నమెంటు కాస్మెటిక్ చార్జీలు అంటుంది. మనం బతికి ఉండటమే అలంకారం అనుకున్నారేమో!

ఇక ఏం రాస్తున్నానంటే, చెప్పుకునేంత పెద్దదేం కాదు. నలభై దాటాక, ముఖ్యంగా నెలసరి ఆగిపోయే రోజుల్లో, ఒంట్లో హార్మోన్లు తగ్గి చర్మం నూనె తగ్గుతుంది, ఎండిపోతుంది. అందుకని కాగే నీళ్ళు మానేశాను. పీచుతో మొహం తోమడం, నిమ్మకాయ రుద్దడం కూడా. ఘాటు లేని సబ్బు రోజుకి రెండుసార్లు, అంతే. మొహం తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మామూలు మాయిశ్చరైజర్. మడమల పగుళ్ళకి రాత్రి కాళ్ళు కడుక్కుని వ్యాజలిన్ దట్టంగా పట్టించి పాత సాక్సులు. ఆ చిన్న డబ్బా నెలలకి నెలలొస్తుంది.

వీటిల్లో కాస్త ఖరీదైంది సన్‌స్క్రీనే. ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు, కానీ చారెడు మొహానికి చిటికెడు పూస్తే పనిచేయదు. రెండు వేళ్ళ పొడవునా పిండుకోవాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి. కొన్ని మన రంగు మీద సున్నం కొట్టినట్టు కనిపిస్తాయి. రంగు కలిపిన టింటెడ్ రకం దొరికితే అలా కనిపించదు, మంగుకి కూడా మంచిది. కొనలేని నెల గొడుగు, కాటన్ చున్నీ. ధర్నాకి గొడుగేంటని మా అన్నలు నవ్వారు. నవ్వనీ. ఎండ వాళ్ళని కూడా మాడుస్తోంది.

ఇదంతా చెప్పి, నువ్వేం రాస్తున్నావ్ చెల్లీ అనడిగాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఒక ట్యూబ్ ఫోటో వచ్చింది. కాస్మెటిక్ చార్జీల్లో మిగిల్చి కొనుక్కుందట. వెనక వైపు కూడా తీసి పంపమన్నాను. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఈ మూడు పేర్లలో ఏదైనా ఉందేమో మీరు కూడా మీ ట్యూబులు తిప్పి చూసుకోండి. దాంట్లో క్లోబెటసాల్ ఉంది. ఒక్కసారిగా ఆపేయకు, డాక్టర్ని అడుగుదాం అన్నాను.

సోమవారం ఓపీకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.