రంగు మరకల యజమాని

మే నెల తొలివారంలో విశాఖపట్నం వెళ్ళినప్పుడు పిల్లలు సముద్రం చూడాలన్నారు. తీరమంతా జనసమ్మర్దంగా ఉండటంతో మా బావమరిది మమ్మల్ని చేపల రేవుకు తీసుకువెళ్ళాడు. ఎదుట డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇటు వరుసగా నిలిచిన మరపడవలు. వేలంపాటల కేకలు లేవు. సుత్తుల చప్పుడు, రంపాల రొద, ఘాటైన రంగు వాసన మాత్రమే ఉన్నాయి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు తూర్పుతీరంలో మరపడవలతో వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలమన్నది అందుకు కారణం. 2015కు ముందు ఈ విరామం 47 రోజులే. చేపలకు విశ్రాంతి దొరికే ఈ రోజుల్లోనే పడవలకు వైద్యం జరుగుతుంది. అడుగున పేరుకున్న గుల్లలను గీకుతారు. సముద్రపు పురుగులు తొలిచిన పలకలను మారుస్తారు. సందుల్లో నూలు దట్టించి, పైన రంగు పూస్తారు. గుల్లలు పట్టిన పడవ మందంగా కదులుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. కనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు.

ఒక పడవను దగ్గరగా చూడాలనిపించింది. యజమాని అనుమతి లేనిదే ఎక్కరాదు కదా! తెల్లని చొక్కా, మెరిసే చెప్పులతో నీడలో నిలుచున్న పెద్దమనిషిని సమీపించి వినయంగా అడిగాము. ఆయన తడబడ్డాడు. అంతలో పడవ కిందినుంచి ఎర్రరంగు పులుముకున్న ఒక తల బయటికి వచ్చింది.

“ఆయన రంగు డబ్బాల బాకీ వసూలుకొచ్చారు బాబూ. ఓనర్ని నేనే.”

అందరూ నవ్వారు, బాకీదారుతో సహా.

ఆ యజమాని ఒంటిమీది చొక్కా ఒకనాడు పట్టుచొక్కా. పెద్దమ్మాయి పెళ్ళికి కుట్టించుకున్నదట. భుజం మీది నీలం నిరుటిది, మోచేతి వద్ద పచ్చ అంతకు ముందటిది, కడుపుమీది ఎరుపు ఆనాటి ఉదయానిది. పడవ చరిత్ర అంతా ఆ చొక్కామీదే ఉంది. పక్క పడవ యజమాని వేషం మరీ విచిత్రం. నెత్తిన ఒక పార్టీ టోపీ, ఒంటిమీద దాని ప్రత్యర్థి పార్టీ బనియను. “ఎన్నికల్లో ఇద్దరూ ఇచ్చారు బాబూ. రంగు పనికి ఇద్దరూ పనికొచ్చారు” అన్నాడాయన. మరొకాయన తన కుమారుడి పాఠశాల నిక్కరులో, మోకాళ్ళ వద్ద గోనెపట్టా కట్టుకుని పాకుతున్నాడు. కూలికి వచ్చిన వడ్రంగి మాత్రం ఇస్త్రీ చొక్కాను కొయ్యకు తగిలించి, శుభ్రమైన బనియనుతో పని చేస్తున్నాడు. రేవులో ఎవరు ఎంత మాసి ఉంటే వారు అంత పెద్ద యజమాని అని మాకు బోధపడింది.

“ఈ చొక్కాని ఇంట్లోకి రానివ్వదు మా ఇంటిది. గుమ్మం బయట మేకుకి తగిలిస్తే, గాలికి కూడా కదలదు. గట్టిపడిపోయింది” అన్నాడు ఆ యజమాని. తరువాత కొంచెంసేపు మాట్లాడలేదు. ఆమె గాజులు బ్యాంకులో ఉన్నాయనీ, ఆ డబ్బు ఈ పలకల్లో ఉందనీ చెప్పాడు. ఈ రెండు నెలలూ రాబడి లేదు, ఖర్చు మాత్రం ఆగదు. అందుకే కూలీ మిగలాలని తానే పడవ కింద దూరాడు. చిరిగిన బట్టలు ఎందుకో అప్పుడు అర్థమయింది. మేము మరి నవ్వలేదు. ఆయనే నవ్వించాడు.

“నిరుడు వేట మొదలైన రోజు కొత్త చొక్కా వేసుకొచ్చాను బాబూ. మా కలాసీయే నన్ను ఆపి, ‘ఎవరు కావాలండీ?’ అన్నాడు.”

తిరుగు ప్రయాణంలో చూసుకుంటే మా కుర్తా చేతికి ఎర్రని మరక. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఇప్పుడు ఈద్‌కు ముందు ఇంటికి సున్నం వేసేటప్పుడు దానినే తొడుక్కుంటున్నాము. మొన్న ఎవరో వచ్చి, ఇంటివారు ఉన్నారా అని మమ్మల్నే అడిగారు.