ఉద్దానంలో ఒక ఉదయం

సోంపేట స్టేషనులో రైలు దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. కవిటి దగ్గర బడిపంతులుగా ఉన్న నా పూర్వవిద్యార్థి ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. దారి పొడుగునా కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలు. ఉద్యానమే ఉద్దానమయిందంటారు; తెలుగు పాఠాలు చెప్పుకునేవాడిని గదా, ఆ మాట తలుచుకుని ముచ్చటపడ్డాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్నే కూల్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇంత పచ్చని సీమలో మూత్రపిండాలను మెల్లగా తినేసే జబ్బు! మధుమేహం, రక్తపోటు లేనివారికీ వస్తుంది. 1990ల నుంచీ వైద్యులు వెతుకుతున్నా కారణం తేలలేదు. బావినీరు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు, వంశం... అన్నిటి మీదా అనుమానమే. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది.

మావాడి మేనత్త అరుగు మీద చాప పరిచి, నా పుస్తకం కేసి చూసింది.

“రాసుకోడానికొచ్చారా బావూ, రగతానికొచ్చారా?”

నేను నవ్వలేకపోయాను. ఆమె భర్త ఈ జబ్బుతోనే పోయాడు. టీ గ్లాసు అందిస్తే నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె చూడనే చూసింది.

“తాగండి బావూ, కొళాయి నీళ్లే. హిరమండలం నుంచొత్తన్నాయి.”

సిగ్గుతో తాగాను.

మూడుసార్లు ఎవరెవరో వచ్చి రక్తం తీసుకున్నారట, బావినీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారట. “ఏటి తేలిందో సెప్పినోడు నేడు.” నాలుగోసారి ఆమె కొడుకు చెయ్యి చాపనన్నాడు. పాతికేళ్లవాడు, తండ్రిని చూసినవాడు. అతని మొండితనం నాకు తప్పనిపించలేదు.

అప్పుడొచ్చిన డాక్టరమ్మ వాదించలేదు. తక్కినవాళ్ల కాగితాలతో మళ్లీ వచ్చి, ఇదే అరుగు మీద కూర్చుని, ఎవరిది వారికి చదివి చెప్పింది. తెలియనిది తెలియదంది. “మీకేమనిపిస్తుంది?” అని అడిగింది.

“మా మగోళ్లు పొద్దున్నే తోటకెల్తే మద్దేనం దాకా గుక్కెడు నీళ్లు తాగరమ్మా. మొయ్యాలి గదా!”

అదే కారణమని చెప్పలేనంటూనే, ఎప్పుడెన్ని నీళ్లు తాగుతారన్న ప్రశ్నను డాక్టరమ్మ తన కాగితాల్లో చేర్చుకుందట. మర్నాడు కొడుకు రక్తమిచ్చాడు.

“ఏమొచ్చింది?” అన్నాను, గుండె బిగబట్టి.

“క్రియాటినిన్ ఒకటీ పాయింటు ఒకటి,” అంది, అక్షరం ముక్క రాని ఆ తల్లి. “మళ్లీ వైశాఖంలో సూత్తారు.”

కొడుకు సైకిలుకి రెండు సీసాల నీళ్లు తగిలించుకుని తోటకు బయలుదేరాడు.