రెండు రికార్డులు, ఒకే చేతిరాత

సంక్రాంతికి పది రోజుల ముందు ఇల్లు దులుపుతూ మా పాప పుస్తకాల అర కూడా ముందేసుకున్నాను. ఇంటర్ సెకండియర్ బైపీసీ కదా, అరలో పుస్తకాలకంటే కాగితాలే ఎక్కువ. అడుగున రెండు బాటనీ రికార్డులు కనిపించాయి. రెండింటికీ గోధుమరంగు అట్టలు, రెండింటిలోనూ అవే బొమ్మలు, అదే చేతిరాత. ఇంగ్లీషు 'జి' అక్షరం తోకను కొక్కెంలా వంచి రాసేది మా పాప ఒక్కతే. ఒకదాని మీద తన పేరుంది. రెండోదాని మీద ఒక పిల్లగాడి పేరుంది.

పాపను అడిగాకే ఇది రాస్తున్నాను. "రాసుకో గని పేర్లు రాయకు" అంది. రాయను.

ఆ పిల్లగాడు నాకు తెలియనివాడేం కాదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బడి. ఇప్పుడు జనగామలో ఒకే కాలేజీ, దేవరుప్పుల నుంచి ఒకే బస్సు. వాళ్ల నాయన ట్రాక్టర్ నడుపుతాడు, అమ్మ నాట్లకూ పత్తి ఏరడానికీ పోతుంది. ఆగస్టు పదిహేనుకు బడిలో పాట అంటే వాడిదే. ఊర్లో పిల్లలంతా నన్ను చిన్నమ్మా, అత్తా, వదినా అని ఏదో ఒక వరస పెట్టి పిలుస్తారు. వీడొక్కడే ఆంటీ అంటాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

పోయిన బతుకమ్మకు ఒక యూట్యూబ్ చానెల్ వాళ్లు వీడితో పల్లెపాట పాడించారు. వీడియోలో ఆడించారు కూడా. పండుగ తొమ్మిది రోజులు అయ్యేలోపే లక్షల మంది చూశారు. పెళ్లి బరాత్‌లలో డీజే పాట అదే, కిరాణం కొట్టులో ఫోను రింగుటోను అదే. మా మండలంలో పేరంటే ఇన్నాళ్లూ కడవెండి దొడ్డి కొమురయ్యదే. 1946 జులై 4న ప్రాణమిచ్చి తెచ్చుకున్న పేరు అది. ఇప్పుడు పేరు ఫోనులో మూడు నిమిషాల్లో వస్తోంది. తప్పని అనడం లేదు. ఆ గొంతుకు ఆ పేరు రావలసిందే. కానీ పదిహేడేళ్ల పిల్లల మీద అంత పేరు ఒక్కసారిగా వచ్చి పడితే ఏమవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అది మా ఇంటి అరలోనే దాక్కుని ఉందని అసలే తెలియదు.

సాయంత్రం పాప రాగానే రెండు రికార్డులూ ముందు పెట్టాను.

"వాడికి టైం లేదమ్మా. ప్రోగ్రాములున్నయి. రికార్డు లేకుంటే ప్రాక్టికల్స్‌కు రానియ్యరు."

"వాడికి టైం లేకపోతే నీకేంది బిడ్డా?"

జవాబు లేదు. తల వంచుకుని చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికి ఆ చున్నీతోనే కళ్లు తుడుచుకుంది. అప్పుడర్థమైంది నాకు, నెల రోజులుగా ఈ పిల్ల అన్నం ఎందుకు సగంలో వదిలేస్తోందో.

పదో తరగతి నుంచీ ఇష్టమట. ఇష్టమంటే ఏముంది, బస్సులో సీటు మీద బ్యాగు పెట్టి ఆపడం, పరీక్షకు ముందు ప్రశ్నలు అప్పజెప్పుకోవడం, పాట నేర్చుకోగానే మొదట ఈమెకే వినిపించడం. "ఆ బతుకమ్మ పాట కూడా ఫస్టు నాకే వినిపించిండమ్మా. ఒక చరణంల మాట బాగలేదంటే మార్చిండు గూడ" అంది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది. ఇప్పుడు మెసేజ్ పెడితే రెండు రోజులకు జవాబు. వీడియోలో పక్కన ఆడిన అమ్మాయితో జతకట్టి కింద వందల మంది రాసే రాతలు. "ఇంతకుముందు నాకోసం సీటు ఆపేటోడు. ఇప్పుడు వాడు బస్సే ఎక్కుతలేడు."

నాకు కోపం వచ్చింది. రాదా మరి? పద్దెనిమిది నిండని పిల్ల, చదువుకోమని పంపితే ఒకరి రికార్డు రాసుకుంటూ కూర్చుంది. నాలుగు మాటలన్నాను. అవి ఇక్కడ రాయను. మీరూ తల్లులే కదా, ఆ నాలుగు మాటలు మీకూ తెలుసు.

ఆ రాత్రే మా ఆడబిడ్డ హైదరాబాద్ నుంచి ఫోను చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "వదినా, ఆ పాట పాడిన పిల్లగాడు మీ ఊరోడేనట గదా?" అంది. "అవును, మా పాప క్లాస్‌మేటే. చిన్నప్పటి నుంచి తెలుసు" అన్నాను. ఆ అనడంలో ఎంత గొప్ప ఒలికిపోయిందో ఫోను పెట్టేశాక నా చెవులకే వినపడింది. గంట క్రితం అదే పిల్లగాడి పేరు చెప్పి బిడ్డను ఏడిపించిన నోరే అది.

నిద్ర పట్టలేదు. పండుకొని నిజాయితీగా లెక్క వేసుకున్నాను. ఇదే సంగతి నాలుగు నెలల కింద తెలిసి ఉంటే 'ట్రాక్టర్ నడిపేవాళ్ల పిల్లగాడా' అని నోరు జారేదాన్ని. తప్పకుండా జారేదాన్ని. ఇప్పుడు ఆ మాట నా తిట్లలో ఎక్కడా లేదు. పిల్లగాడి గొంతు అదే, వాళ్ల నాయన ట్రాక్టర్ అదే. నా కళ్లు మారాయి. నలభై ఏళ్లు దాటిన నేనే ఇలా మారితే, మీసం కూడా సరిగా రాని పిల్లగాడు మారాడని ఏ మొహంతో అనను?

డిగ్రీలో చదివిన తెలుగు నాకు వంటింట్లో అక్కరకు రాలేదని మా ఆయన వేళాకోళమాడతాడు. మరునాడు మాత్రం అదే అక్కరకు వచ్చింది. పాపను దగ్గర కూర్చోబెట్టుకుని రెండు కథలు చెప్పాను. రెండూ కలిసి చదువుకున్నవాళ్ల కథలే.

మొదటిది భారతంలోది. ద్రోణుడూ ద్రుపదుడూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ద్రుపదుడు పాంచాల రాజయ్యాడు. పేదరికంలో ఉన్న ద్రోణుడు పాత స్నేహాన్ని నమ్ముకుని వెళితే, రాజుకూ పేదవాడికీ స్నేహమేమిటని అవమానించాడు. రెండోది భాగవతంలోది. కృష్ణుడూ కుచేలుడూ సాందీపని దగ్గర కలిసి చదువుకున్నారు. కట్టెల కోసం అడవికి పోయి వానలో చిక్కుకున్న రాత్రిని ద్వారక ఏలే కృష్ణుడు తానే గుర్తు చేశాడు, చినిగిన బట్టలో మూటగట్టిన అటుకులను తానే అడిగి తీసుకున్నాడు. ఆ భాగవతాన్ని తెలుగు చేసిన పోతన బమ్మెర మా పక్క మండలంలోనే ఉంది. మాకు కుచేలుడు పరాయివాడు కాడు.

"అయితే వాడు ద్రుపదుడంటవా, కృష్ణుడంటవా?" అని అడిగింది.

"ఇప్పుడే ఏం తెలుస్తది? నేను నీ గురించి చెప్తున్న. ద్రుపదుడు చేసింది తప్పే. కానీ ద్రోణుడు ఏం చేసిండు? ఆ ఒక్క మాటను ఏళ్ల తరబడి మోసిండు. శిష్యుల చదువంతా ఆ పగ తీర్చుకోవడానికే వాడుకున్నడు. చివరికి ద్రుపదుణ్ణి కట్టి తెప్పించి సగం రాజ్యం తీసుకున్నడు. పోయిన స్నేహం తిరిగొచ్చిందా? కుచేలుడు అట్ల కాదు. ఇస్తే ఇచ్చిండు, లేకుంటే లేదు, నా ఇల్లు నాకుంది అన్నట్టు పోయిండు, అట్లనే వచ్చిండు."

పాప వింది కానీ ఒప్పుకోలేదు. "గవన్ని పురాణాలమ్మా. సైనా, కశ్యప్‌ల సంగతి చూడు" అంది.

వాళ్ల సంగతి నాకూ తెలుసు. హైదరాబాద్ బాడ్మింటన్ కోర్టుల్లో చిన్నప్పటి నుంచీ కలిసి ఆడిన జంట. సైనా నెహ్వాల్‌కు పదిహేడు, పద్దెనిమిదేళ్లున్నప్పుడు, 2007 ప్రాంతంలో మొదలైన ఇష్టం వాళ్లది. తర్వాత ఆమెకు వచ్చిన పేరు మామూలుది కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచినప్పుడు మా పాప నా ఒడిలో కూర్చుని టీవీకి చప్పట్లు కొట్టింది. 2015లో ప్రపంచంలోనే మొదటి ర్యాంకు. పారుపల్లి కశ్యప్‌కు అంత పేరు రాలేదు. అయినా 2018 డిసెంబరులో పెళ్లి చేసుకున్నారు. ఏడేళ్లు తిరగకముందే, 2025 జులైలో, విడిపోతున్నామని ఆమె ప్రకటించింది. ఆ రోజు మా పాప సొంత అక్క కాపురం కూలినట్టు కూర్చుంది. మూడు వారాలు కూడా కాకముందే, ఆగస్టు మొదట్లో, మళ్లీ కలిసి ప్రయత్నిస్తున్నామని ఇద్దరూ ఉన్న ఫోటో పెట్టింది.

"చూసినవా, పేరున్నోళ్లకు ఇట్లనే అయితది" అంది పాప.

వాళ్లింట్లో ఏం జరిగిందో వాళ్లకే ఎరుక. అది పేరు వల్లనే అయిందని అనడానికి మనమెవరం? కానీ నేను వాళ్ల కథలో ఇంకోటి చూశాను, అదే చెప్పాను. ఆమె లండన్‌లో పతకం గెలిచినప్పుడు కశ్యప్ గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టే మనిషి మాత్రమే కాదు. అదే ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. మన దేశం నుంచి మగవాళ్ల సింగిల్స్‌లో అక్కడిదాకా వెళ్లిన మొదటివాడు అతనే. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో బంగారు పతకం తెచ్చాడు. 1982లో సయ్యద్ మోదీ తర్వాత, 32 ఏళ్లకు. ఆమె పేరు ఎంత పెద్దదైనా అతని రాకెట్ అతని చేతిలోనే ఉంది. తర్వాత ఆమెకు కోచ్‌గా కోర్టు పక్కన కూర్చున్నాడంటే, ఆ ఆట తనకూ వచ్చు గనకే కూర్చోగలిగాడు.

"నువ్వు వాడి రికార్డు రాస్తున్నవ్ బిడ్డా. మరి నీ రాకెట్ ఏది?" అన్నాను.

ఏమీ అనలేదు. లేచి తన రికార్డు తెరిచి చూసుకుంది. వాడి రికార్డులో బొమ్మలన్నీ అయిపోయాయి. తన రికార్డులో ఇంకా నాలుగు మిగిలున్నాయి. నా కంటే ముందే ఆ లెక్క దానికి అర్థమైంది.

మా ఆయనకు రెండు రోజులాగి చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండి, "పిల్లను కొట్టలేదు గదా?" అన్నాడు. "లేదు" అన్నాను. "అయితే నువ్వే చూసుకో. పిల్లగాడిని ఊర్ల పలచన చెయ్యకు. వాళ్ల నాయన మంచోడు" అన్నాడు. ఇంత మాట ఆయన నుంచి వస్తుందని నేననుకోలేదు.

భోగి ముందు రోజు మా ఇంట్లో సకినాలు. వాడకట్టు ఆడవాళ్లం నలుగురం వసారాలో బట్ట పరిచి చుడుతున్నాం. చేతులకు పిండి, మధ్యలో నువ్వుల వాసన. అప్పుడొచ్చాడు పిల్లగాడు, రికార్డు కోసం. కొత్త బూట్లు, కొత్త జుట్టు, పాత నవ్వు. మా వాళ్లు సకినాలు వదిలేసి పిండి చేతులతోనే ఫోటోలు దిగారు. "ఒక్క చరణం పాడు కొడుకా" అంటే పాడాడు. నిజం చెప్పాలంటే నాకూ వినాలనిపించింది.

పాప లోపలి నుంచి వచ్చింది. చేతిలో కొత్త రికార్డు, ఒక్క గీత కూడా లేనిది.

"నేను రాసింది ఇయ్య. ఒకే చేతిరాత అని సార్ పట్టుకుంటే ఇద్దరికీ సున్నా. ఇది నా పైసలతోని కొన్న. నాది చూసి గీసుకో. నా రికార్డు ఇల్లు దాటదు. ఇక్కడ్నే కూసొని గియ్యి."

పిల్లగాడి ముఖం వాడిపోయింది. అంతలో వాడి ఫోను మోగింది. గేటు బయటికి వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. ఇక రాడనుకున్నాను. పాప కూడా అదే అనుకుందని దాని చేతిలో సకినం విరిగిపోవడం చూస్తే తెలిసింది. తిరిగొచ్చాడు. అరుగు మీద కూర్చుని పెన్సిలు అడిగాడు. రెండు బొమ్మలు గీశాడు. బాగా లేవు. ఎనిమిదింటికి వాడి కోసం కారొచ్చింది, లేచాడు.

పోయే ముందు పక్కకు పిలిచి చెప్పాను. "నీ పాట బాగుంది కొడుకా. కానీ నా బిడ్డకు పద్దెనిమిది నిండలేదు, నీకూ నిండలేదు. ముందు ఇద్దరూ చదువు కానియ్యండి. మాట్లాడుకోవాలంటే ఈ అరుగు మీద, నా ముందట. నీకు పేరు రాకముందు కూడా నేనిదే మాట చెప్పాల్సింది. అప్పుడైతే ఇంత మంచిగ చెప్పకపోదును, అది నా తప్పు."

వాడికి ఎంత అర్థమైందో తెలియదు. తలూపాడు. "పొద్దుగాల మళ్లొస్త ఆంటీ" అన్నాడు.

పొద్దుగాల రాలేదు. పండుగ మరునాడు వచ్చాడు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చాడు. ఈ వారం రాలేదు, ఎక్కడో ప్రోగ్రామట. ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, వాడి రికార్డులో ఇంకా అయిదు బొమ్మలున్నాయి. ఏమవుతాడో, ఎటు పోతాడో నాకు తెలియదు. మా పాప మాత్రం తన నాలుగు బొమ్మలూ పూర్తి చేసింది. మొన్న రాత్రి కంచంలో అన్నం మిగల్చకుండా తిని, ఇంకో సకినం అడిగింది.

ఆమె రాసిపెట్టిన ఆ రెండో రికార్డు ఇప్పుడు నా దగ్గరే ఉంది. కుట్టుమిషను డబ్బాలో పెట్టాను. ఎప్పటికైనా దానికే తిరిగిస్తాను, పెద్దయ్యాక చూసుకుని నవ్వుకోవడానికి.