పానా పట్టిన డిగ్రీ కుర్రాడు

కోనసీమలో పిల్లాడికి చదువు ఒంటబట్టిందంటే ఇంట్లోవాళ్ల కళ్ల ముందు రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి హైదరాబాద్ బస్సు. రెండోది గల్ఫ్ విమానం. రాజోలులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఓ కుర్రాడు మూడో దారి ఎంచుకున్నాడు. కార్ల షెడ్డు! ఆ మాట ఇంట్లో ఎవరికీ రుచించలేదు. చిత్రమేమిటంటే, షెడ్డువాళ్లకీ రుచించలేదు.

ఇంట్లోవాళ్ల బాధకు అర్థముంది. తండ్రిది కొబ్బరి దింపు పని. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లయింది. రాజోలు చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా అలాంటి తల్లి ఒకరైనా ఉంటారు. ఆమె పంపే డబ్బులోంచే కాలేజీ ఫీజు, పుస్తకాలు, అప్పు మీద వడ్డీ. 'నువ్వు కుర్చీలో కూర్చుంటావని నేనిక్కడ నిలబడి చేస్తున్నాను నాన్నా. గ్రీజు పూసుకోడానికా ఇంత చదువూ?' అంది ఫోన్‌లో. అతడి దగ్గర జవాబు లేదు. ఉన్నా అమ్మతో చెప్పగలిగేది కాదు.

కార్ల మీద ఇష్టం కూడా ఆ గల్ఫ్ నుంచే వచ్చింది. పక్కింటివాళ్లు మస్కట్ వెళ్తూ కారు తాళాలు అతడి చేతికిచ్చారు. 'వారానికోసారి స్టార్ట్ చేస్తూ ఉండు బాబూ' అన్నారు. నెలల తరబడి కదలని కారుకి వచ్చే రోగాలన్నీ అలా ఒక్కొక్కటే తెలిశాయి. బ్యాటరీ దిగిపోవడం, టైర్లు ఒకే చోట నొక్కుకుపోవడం, కొబ్బరితోటలోని ఎలుకలు బానెట్‌లో దూరి వైర్లు కొరికేయడం... మెకానిక్ వచ్చి బాగుచేస్తుంటే పక్కనే నిలబడి చూసేవాడు. కాలేజీలో ఏ పాఠం వింటున్నప్పుడూ రాని ప్రశ్నలు అక్కడ వచ్చేవి.

సెలవుల్లో పని కోసం బయల్దేరాడు. మొదటి షెడ్డులో 'ఐటీఐ చదివావా?' అన్నారు. రెండో చోట 'ఎక్కడైనా చేశావా?' అని అడిగారు. పట్నంలోని ఓ పెద్ద సర్వీస్ సెంటర్‌కి దరఖాస్తు పెడితే ఉలుకూ పలుకూ లేదు. పని చేసి ఉంటే తప్ప పని ఇవ్వరు, పని ఇస్తే తప్ప అనుభవం రాదు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

తాటిపాక రోడ్డులోని మూడో షెడ్డు మేస్త్రి మాత్రం ఉన్నమాట చెప్పాడు. 'డిగ్రీ కుర్రాళ్లు నెల ఉండరు బాబూ. ఎండ తగిలితే మానేస్తారు. ఉన్నవాళ్లేమో పని వచ్చాక దుబాయ్ పోతారు. నేర్పినందుకు నాకేంటి మిగిలేది?'

ఆ ప్రశ్నలో అబద్ధం లేదు. ఒకప్పుడు ఈ పనికి పదేళ్ల పిల్లలే వచ్చేవారు. ఆ మేస్త్రీ అలా వచ్చినవాడే. కిరోసిన్‌లో నట్లూ బోల్టులూ కడుగుతూ, తిట్లు తింటూ, అంబాసిడర్ల కింద పడుకుని నేర్చుకున్నాడు. ఇప్పుడు పధ్నాలుగేళ్లలోపు పిల్లల్ని అలా పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. మంచిదే. బడిలో ఉండాల్సిన పిల్లలు బడిలో ఉంటున్నారు. కానీ ఆ పిల్లల స్థానంలో ఎవరు రావాలో షెడ్లకి తెలియలేదు. చదువుకున్నవాడు నామోషీ అనుకుంటాడు. చదువుకోనివాడికి కొత్త కార్లు అర్థం కావు.

కొత్త కార్లంటే మామూలు మార్పు కాదు మరి. 2014లో మారుతి 800 తయారీ ఆగింది, అంబాసిడర్ తయారీ కూడా ఆ ఏడాదే ఆగింది. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త కార్లన్నీ బీఎస్-6 ప్రమాణాలకు లోబడే ఉండాలి. అంటే ఇంజిన్ నిండా సెన్సర్లే. ఒకప్పుడు స్క్రూడ్రైవర్ చివర ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్పేవాళ్లు. ఇప్పుడు స్కానర్ తగిలిస్తే తెరమీద ఇంగ్లిష్‌లో ఓ కోడ్ వస్తుంది. దాని అర్థం తెలియకపోతే చెవి ఎంత గొప్పదైనా సగం వైద్యమే!

కుర్రాడు వెనక్కి తగ్గలేదు. 'ఆదివారాలూ సెలవు రోజులూ వస్తానండి. మొదటి నెల జీతం వద్దండి. ఊడవమన్నా ఊడుస్తాను' అన్నాడు. మేస్త్రి కాసేపు ఆలోచించి, 'జీతం వద్దనకు. ఊరికే చేసినోడి పనికి విలువుండదు. రోజుకి 150 రూపాయలు, టిఫినూ టీ. ఇష్టమైతే రా' అన్నాడు. 'ఆయ్, వస్తానండి' అన్నాడు కుర్రాడు.

మొదటి నెలంతా లైటు పట్టుకోవడమే. 12-13 పానా అడిగితే 14-15 ఇచ్చేవాడు. తోటి హెల్పర్లు అతడికంటే చిన్నవాళ్లు, 'డిగ్రీ వచ్చాడ్రోయ్' అని నవ్వుకునేవారు. అన్నిటికన్నా అతణ్ని బాధపెట్టింది మేస్త్రి మర్యాద. మిగతా కుర్రాళ్లని 'ఒరేయ్' అనేవాడు, ఇతణ్ని మాత్రం 'బాబూ' అనేవాడు. అంటే ఇంకా చుట్టంగానే చూస్తున్నాడన్నమాట.

ఓ రోజు కారు చక్రం విప్పమన్నారు. జాకీ ఎత్తాడు కానీ వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టలేదు. కారు కాస్త కదిలింది. 'ఒరేయ్! కాళ్లుంటాయా నీకు?' అని మేస్త్రి గట్టిగా అరిచాడు. షెడ్డంతా నిశ్శబ్దం. తర్వాత దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కింద దూరేముందు స్టాండు పెట్టాల్సిందే. చక్రం నట్లు వరసగా కాదు, ఎదురెదురుగా బిగించాలి. చివరి బిగింపు చక్రం నేలకి ఆనాకే. ఆ రోజు నుంచి అతడు 'బాబు' కాదు. తిట్టుపడ్డాక కూడా ముఖం వెలిగిపోయిన హెల్పర్ని మేస్త్రి అదే మొదటిసారి చూడటం.

మేస్త్రి దగ్గర పుస్తకాల్లో దొరకని చదువు చాలా ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంకలు మునిగిపోయాయి. నీళ్లు తీశాక చాలామంది ఆత్రంగా తాళం తిప్పారు. ఇంజిన్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు. లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొన్ని వేలతో పోయేది లక్ష దాటుతుంది. 'మునిగిన కారుకి తాళం పెట్టకూడదు. బ్యాటరీ తీగ విప్పి, తోసుకునో కట్టుకునో షెడ్డుకి తేవాలి' అని మేస్త్రి వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. సముద్రపు గాలికి అడుగుభాగం తుప్పు పడుతుందనీ, అంతర్వేది తీర్థానికి వెళ్లొచ్చిన కారుని మంచినీళ్లతో కింద కూడా కడగాలనీ చెబుతాడు.

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి ఓ కారు వణుక్కుంటూ వచ్చింది. 'ఒక సిలిండర్ పట్టట్లేదు' అన్నాడు మేస్త్రి, చప్పుడు వినగానే. స్కానర్ పెడితే పి0301 అని చూపించింది. మొదటి సిలిండర్ సరిగ్గా మండటంలేదని దానర్థం. కారణం కాయిల్ కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. అన్నీ మార్చేస్తే బిల్లు పేలిపోతుంది. కుర్రాడు మెల్లగా అన్నాడు: 'మొదటి కాయిల్ రెండోదానికి మార్చి చూద్దామండి. తప్పు దానితోపాటే వెళ్తే కాయిల్‌దే లోపం.' మార్చారు. కోడ్ పి0302 అయింది. ఒక్క కాయిల్‌తో కారు దారికొచ్చింది. మేస్త్రి మెచ్చుకోలేదు. తర్వాతి కారు రాగానే స్కానర్ అతడి చేతికిచ్చాడు, అంతే.

కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చినప్పుడు తల్లి 'చేతులు చూపించు' అంది. చూపించాడు. గోళ్ల సందుల్లో నలుపు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆమె చేతులు మాత్రం ఎలా ఉంటాయి, సబ్బునీళ్లలో నాని నాని! చివరికి 'పరీక్ష ఫీజు కట్టావా?' అంది. కట్టానన్నాడు. డిగ్రీ పూర్తి చేయాలన్నది ఆమె షరతు. ఒప్పుకున్నాడు.

ఇలాంటి పిల్లలకి దారులు లేకపోలేదు. పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించాక ఇంజినీరింగేతర డిగ్రీ చదివినవాళ్లకీ అవకాశం వచ్చింది. స్టైపెండ్ ఇస్తూ పని నేర్పే పద్ధతి అది. కానీ ఏ కాగితం వచ్చినా షెడ్డులో మొదటి రోజు లైటు పట్టుకోవాల్సిందే. ఆ లైటు పట్టుకోవడం నామోషీ కాదని ఇంట్లోవాళ్లు అనుకుంటే, సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

రైలు కూత ఇంకా వినని సీమ ఇది. ఆసుపత్రికైనా, పెళ్లికైనా, పుష్కరాలకైనా రోడ్డే దిక్కు. ఆ రోడ్డు మీద బండి ఆగిపోతే బాగుచేసేవాడు ఊళ్లోనే ఉండాలి కదా! పరీక్షలయ్యాక అప్రెంటిస్‌గా పట్నం వెళ్లాలని కుర్రాడి ఆలోచన. భయపడుతూనే మేస్త్రికి చెప్పాడు. 'వెళ్లు. ఎలక్ట్రిక్ కార్ల సంగతి కూడా చూసిరా. మనకీ వస్తాయి అవి' అన్నాడాయన.