మంచె ఆటలు



మన గోడపత్రికలో కబడ్డీ గురించి రాశారు, ఖోఖో గురించి రాశారు. ఫోనులో ఆడే ఆటల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. హాస్టల్లో ఫోను ఉండదు. కాని సెలవులకి ఇంటికి పోతే మనలో చాలామంది ఆడేది అవే. అందుకే నేను రాస్తున్నాను. అన్ని ఆటలూ కాదు, నాకు బాగా ఇష్టమైన ఒక్క రకం గురించే. వాటిని ఇంగ్లీషులో టవర్ డిఫెన్స్ ఆటలు అంటారు. టవర్ అంటే బురుజు. డిఫెన్స్ అంటే కాపాడుకోవటం. మా ఊళ్ళో పిల్లలం మాత్రం మంచె ఆటలు అంటాం. ఎందుకంటామో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది.

ఆట ఎట్లా ఉంటుందంటే, ఒక దారి ఉంటుంది. ఒక చివర నుండి శత్రువులు గుంపులు గుంపులుగా వస్తారు. రెండో చివర మన ఇల్లో, కోటో ఉంటుంది. మనం పరుగెత్తి కొట్టేది ఏమీ లేదు. దారి పక్కన బురుజులు పెడితే అవే కొడతాయి. బురుజుకి డబ్బు కావాలి. మొదట్లో కొంచెమే ఇస్తారు. ఏది ముందు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఇప్పుడు ఖర్చు పెట్టాలా దాచుకోవాలా, ఇదే ఆటంతా. చేతి వేగం కంటే ఆలోచన ముఖ్యం.

ఇప్పుడు మా చేను సంగతి చెప్తాను. మా చేను కొండ వాలులో ఉంది. పైన జొన్న, కంది. కింద వాగు వైపు మొక్కజొన్న. గింజ పాలు పట్టిన రోజు నుండి పంట ఇంటికి చేరేదాకా కాపలా ఉండాలి. పగలు చిలకలు, కోతులు వస్తాయి. రాత్రి అడవి పందులు వస్తాయి. పందులు తినేదాని కంటే తొక్కి పాడు చేసేది ఎక్కువ. గుంపు ఒక్క రాత్రి పడితే నాలుగు నెలల కష్టం పోయినట్టే. అందుకే మంచె కట్టుకుని, మంట వేసుకుని, డబ్బా కొట్టుకుంటూ, వడిసెలతో రాళ్ళు విసురుకుంటూ రాత్రంతా మేలుకుంటారు. ఒక్క మనిషి అన్ని రాత్రులు మేలుకోలేడు కదా. అందుకని దసరా సెలవులకి ఇంటికొచ్చిన ఆడపిల్లల్ని కాపలాకి ఆపేస్తారు. కొందరు పంట అయిపోయినా మళ్ళీ బడికి రారు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. అందుకని కాపలా అంటే నాకు ఆట ఒక్కటే కాదు.

ఈ ఆటలు నేను మా చిన్నాయన కొడుకు ఫోనులో ఆడాను. అన్న భద్రాచలంలో చదువుతాడు. మా ఊళ్ళో చింతచెట్టు దిబ్బ ఎక్కితే తప్ప సిగ్నలు రాదు. అన్న అక్కడే డౌన్‌లోడ్ చేసుకుని వస్తాడు. ఒకసారి ఫోనులో ఎక్కాక నేను చెప్పే ఈ ఆటలు సిగ్నలు లేకపోయినా ఆడుకోవచ్చు. ఏ సంవత్సరం వచ్చాయి, ఎవరు చేశారు అన్న సంగతులు మన కంప్యూటర్ సారుని అడిగి రాసుకున్నాను. ఇట్లాంటి ఆటలకి పెద్దమ్మ లాంటిది రాంపార్ట్ అనే ఆట అట. అది 1990లో వచ్చింది. 2007 నాటికి ఇంటర్నెట్‌లో ఇవి చాలా వచ్చేశాయట.

కొత్తగా ఆడేవాళ్ళకి

ఎప్పుడూ ఆడనివాళ్ళు ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్‌తో మొదలుపెట్టండి. 2009లో అమెరికాలోని పాప్‌క్యాప్ అనే కంపెనీ తెచ్చింది. ప్లాంట్స్ అంటే మొక్కలు. జాంబీలు అంటే లేచి నడిచే శవాలు. భయపడకండి, నవ్వొచ్చేలాగానే ఉంటాయి. ఒకడు నెత్తిన బకెట్టు పెట్టుకుని వస్తాడు. ఒకడు పేపరు చదువుకుంటూ వస్తాడు. పేపరు చింపామా, కోపంతో వేగంగా నడుస్తాడు. ఇందులో బురుజులకు బదులు మొక్కలు నాటాలి. అందుకే మనకి తొందరగా అర్థమవుతుంది.

ఈ ఆట ఒకటో తరగతి నుండి చెప్పినట్టు నేర్పిస్తుంది. మొదటి ఆటలో ఒక్క వరుసే ఉంటుంది. తరువాత మూడు వరుసలు, ఆ తరువాత అయిదు. ఇందులో డబ్బు అంటే ఎండ. మొదట 50 ఎండ ఇస్తారు. బఠాణీలు ఊసే మొక్కకి 100 కావాలి. పొద్దుతిరుగుడు మొక్కకి 50 చాలు. అది ఎవరినీ కొట్టదు, కాని కాసేపటికొకసారి 25 ఎండ ఇస్తుంది. రెండుసార్లు ఇచ్చిందంటే పెట్టిన పెట్టుబడి వచ్చేసినట్టే. మిగతాదంతా లాభం. మా తమ్ముడు ఎప్పుడూ కొట్టే మొక్క కోసమే చూస్తాడు. నేను ముందు వెనక వరుసల్లో పొద్దుతిరుగుళ్ళు పెడతాను. మొదట వచ్చే జాంబీ ఒక్కడే, మెల్లగా వస్తాడు. అంతలోపల ఎండ కూడుతుంది.

ఇంకో మొక్క వాల్‌నట్. దానికీ 50. అదీ ఎవరినీ కొట్టదు, అడ్డంగా నిలబడుతుంది. జాంబీ దాన్ని కొరుకుతూ ఉంటే వెనకనున్న బఠాణీ మొక్క కొడుతుంది. మన చేను చుట్టూ వేసే ముళ్ళకంప కూడా ఇదే పని చేస్తుంది. కంప పందిని చంపదు, ఆలస్యం చేస్తుంది. ఆలస్యమైతే మనకి నిద్ర మేలుకునే టైము దొరుకుతుంది.

ప్రతి వరుసకి చివర గడ్డి కోసే బండి ఒకటి ఉంటుంది. జాంబీ అక్కడిదాకా వస్తే అది పోయి ఆ వరుస మొత్తం ఊడ్చేస్తుంది. కాని ఒక్కసారే. రెండోసారి వస్తే ఇల్లు పోయినట్టే. పగటి ఆటలు పది అయ్యాక రాత్రి ఆటలు వస్తాయి. రాత్రి ఆకాశం నుండి ఎండ పడదు. అప్పుడు పుట్టగొడుగులు వాడాలి. పఫ్‌ష్రూమ్ అనే చిన్నది ఉచితం, గాని దగ్గరికి వస్తేనే కొడుతుంది. రాత్రి కాపలా కష్టమని ఆట చేసినవాళ్ళకీ తెలుసన్నమాట.

కొంచెం ఆడినవాళ్ళకి

తరువాత కింగ్‌డమ్ రష్ ఆడండి. 2011లో వచ్చింది. ఐరన్‌హైడ్ అనే కంపెనీ చేసింది. వాళ్ళది ఉరుగ్వే దేశం. నేను అట్లాసులో వెతికాను. దక్షిణ అమెరికాలో, బ్రెజిల్‌కి అర్జెంటీనాకి మధ్య చిన్న దేశం. అంత చిన్న దేశంవాళ్ళు చేసిన ఆట మా ఊరిదాకా వచ్చిందంటే నాకు సంతోషం వేసింది.

ఇందులో బురుజు ఎక్కడపడితే అక్కడ పెట్టటానికి లేదు. వాళ్ళు చూపించిన చోట్లలోనే పెట్టాలి. బురుజులు నాలుగు రకాలు. విలుకాళ్ళ బురుజుకి 70 బంగారు నాణేలు, సైనికుల బురుజుకి 70, మంత్రగాడి బురుజుకి 100, ఫిరంగికి 125. మన ప్రాణాలు 20. దారి దాటి ఒక శత్రువు లోపలికి పోతే ఒకటి తగ్గుతుంది, పెద్ద రాక్షసుడైతే ఎక్కువ తగ్గుతాయి. చివరికి 18 గాని అంతకంటే ఎక్కువ గాని మిగిలితే మూడు చుక్కలు ఇస్తారు.

ఇక్కడ నేర్చుకోవలసింది జత కలపటం. సైనికుల బురుజు నుండి ముగ్గురు వచ్చి దారికి అడ్డం నిలబడతారు. వాళ్ళు ఆపితేనే విలుకాళ్ళకీ ఫిరంగికీ కొట్టే టైము ఉంటుంది. ఆపేవాళ్ళు లేకుండా కొట్టేవాళ్ళనే పెడితే శత్రువులు నడిచి వెళ్ళిపోతారు. ఇనుప కవచం వేసుకుని వచ్చేవాడికి బాణాలు అంతగా తగలవు. వాడికి మంత్రగాడే కావాలి. అంటే ఎవరు వస్తున్నారో చూసి దానికి తగ్గది పెట్టాలి. చిలకకి వడిసెల పనికొస్తుంది. పంది గుంపుకి మంట, చప్పుడు కావాలి. ఇది మా తాతకి ఏ ఆటా చెప్పకుండానే తెలుసు.

బాగా ఆడినవాళ్ళకి

ఆరితేరినవాళ్ళకి బ్లూన్స్ టీడీ 6. దీన్ని న్యూజిలాండులోని నింజా కివి కంపెనీ 2018లో తెచ్చింది. బ్లూన్స్ టీడీ మొదటి ఆట 2007 లోదే. శత్రువులు బుడగలు. కొట్టేవి కోతులు! మా చేను పాడు చేసే కోతులు ఇక్కడ మన వైపు ఉంటాయి. మా అమ్మకి చూపిస్తే నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తెచ్చుకుంది.

చూడటానికి చిన్నపిల్లల ఆటలాగా ఉంటుంది, గాని చాలా కష్టం. నీలం బుడగని కొడితే లోపల ఎరుపు ఉంటుంది. ఆకుపచ్చ దాన్ని కొడితే లోపల నీలం. పసుపు, గులాబి ఇంకా పైన. సీసం బుడగకి మామూలు బాణం దిగదు, బాంబు కావాలి. నల్ల బుడగకి బాంబు పనిచేయదు. అడవి రంగు వేసుకుని కనపడకుండా వచ్చేవి ఉన్నాయి. వాటిని చూడగల కోతి లేకపోతే కళ్ళ ముందే దాటిపోతాయి. ఒక్కొక్క కోతికి మూడు దారుల్లో మెరుగులు పెట్టవచ్చు, దారికి అయిదు మెట్లు. కాని రెండు దారుల్లోనే ఎక్కాలి, అందులోనూ ఒకటే రెండో మెట్టు దాటాలి. అన్నీ కావాలంటే కుదరదు, ఎంచుకోవాలి. ఆఖరున చింప్స్ అనే పద్ధతి ఉంది. అందులో ఒక్క బుడగ దాటినా ఆట అయిపోతుంది. కోతిని పెట్టాక అమ్మటానికి లేదు. అరటితోటలు వేసి డబ్బు సంపాదించటానికి లేదు. ఇది బాగా తెలిసినవాళ్ళకే.

ఇందులో తెలుసుకున్న చిట్కా ఒకటి చెప్తాను. కోతిని దారి తిన్నగా ఉన్న చోట కంటే మలుపు దగ్గర పెట్టాలి. మలుపులో బుడగ పోయేటప్పుడూ తిరిగేటప్పుడూ దాని చూపులోనే ఉంటుంది. ఒక్క కోతి రెండు కోతుల పని చేస్తుంది.

ఆటకీ చేనుకీ తేడా

పోయిన దసరా సెలవుల్లో మా ఊళ్ళో ఒకాయన మా నాయనతో, "రాత్రంతా ఎందుకు మేలుకుంటావు? చేను చుట్టూ కరెంటు తీగ లాగితే హాయిగా పండుకోవచ్చు" అన్నాడు. నాయన అప్పటికి పది రోజుల నుండి సరిగ్గా నిద్ర పోలేదు. రెండు రోజులు ఆలోచించాడు. అప్పుడు నేను అన్నాను, "నాయనా, ఆటలో బఠాణీ మొక్క జాంబీనే కొడుతుంది. పక్కనున్న పొద్దుతిరుగుడుని కొట్టదు. తీగకి ఆ తెలివి లేదు. అది పందినీ పట్టుకుంటుంది, ఎద్దునీ పట్టుకుంటుంది, తెల్లవారుజామున చెంబు పట్టుకుని పోయే మనిషినీ పట్టుకుంటుంది." అట్లాంటి తీగలు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. అది నేరం కూడా. నాయన ఏమీ అనలేదు. తెల్లారి అవ్వ పాత చీరలన్నీ అడిగి తెచ్చాడు.

నేను నోటుపుస్తకంలో చేను బొమ్మ గీశాను. పంది అడుగులు ఎక్కడెక్కడ ఉన్నాయో నాయన చూపించాడు. చాలా వరకు వాగు మలుపు దగ్గరే ఉన్నాయి. మంచె మాత్రం పైన జొన్నలో ఉంది. దాన్ని విప్పి మలుపు దగ్గర కట్టారు. చుట్టూ చీరలు, కింద కంప. పక్క చేను వాళ్ళదీ అదే బాధ, అందుకని వంతులు వేసుకున్నారు, ఒక రాత్రి వాళ్ళు, ఒక రాత్రి మేము. కింగ్‌డమ్ రష్‌లో లాగా జత కలిపారు.

పందులు రాలేదని చెప్పను. వచ్చాయి. ఆటలో శత్రువు గీసిన దారినే వస్తాడు. పంది వాసన చూస్తుంది, ఆగుతుంది, ఇంకో పక్కకి తిరుగుతుంది. రెండు మూలల్లో మొక్కజొన్న తిన్నాయి. ఆటలో ఓడిపోతే మళ్ళీ మొదలు అనే బటన్ ఉంటుంది, చేనుకి లేదు. కాని మిగిలిన పంట ఇల్లు చేరింది. వంతులు ఉన్నాయి కనుక నన్ను ఆపే అవసరం రాలేదు. బడి తెరిచిన రోజే వచ్చి హాజరు పలికాను.

చెల్లెళ్ళకు కొన్ని మాటలు

మొదట ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్, తరువాత కింగ్‌డమ్ రష్, ఆఖరున బ్లూన్స్ టీడీ 6. ఈ వరుసలో ఆడితే విసుగు రాదు. బ్లూన్స్ టీడీ 6 డబ్బు పెట్టి కొనాల్సిన ఆట. అన్న ఫోనులో ఉంది కాబట్టి ఆడాను, దానికోసం ఇంట్లో మారాం చేయకండి. ఉచితంగా వచ్చే ఆటల్లో ప్రకటనలు వస్తాయి, డబ్బు అడిగే బటన్లు వస్తాయి. ఫోను ఎవరిదో వాళ్ళని అడగకుండా అవి నొక్కవద్దు. రోజుకి ఒకటి రెండు ఆటలు చాలు.

ఇంగ్లీషు రాదని భయపడకండి. మా ఇంట్లో కోయ మాట్లాడతాం, తెలుగే నేను బడిలో నేర్చుకున్నాను. వేవ్, రేంజ్, అప్‌గ్రేడ్, సెల్ అనే మాటలు ఈ ఆటల్లోనే నాకు వచ్చాయి. వేవ్ అంటే అల అని ఇంగ్లీషు మేడం చెప్పారు. ఆటలో శత్రువుల గుంపుని అట్లా అంటారు. ఒక అల పోయాక కొంచెం సేపు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే తరువాతి దానికి సిద్ధం కావాలి. సెలవులు కూడా అంతే కదా చెల్లెళ్ళూ. మళ్ళీ సెలవులకి పోయినప్పుడు మీ చేను బొమ్మ కూడా గీసి చూడండి. కాపలాకి మిమ్మల్ని ఆపకుండా కుదిరే దారి అందులో కనపడవచ్చు. కనపడితే వచ్చే గోడపత్రికకి రాసి ఇవ్వండి.

ఇట్లు,
మీ అక్క,
9వ తరగతి